పాత బట్టలు, ఇంటి సామాన్ల ఆన్‌లైన్ మారుబేరం

ఒకరు వాడి వదిలేసిన బట్టలు, పాత్రలు, కుర్చీలు, దీపాలు, బొమ్మలు తక్కువ ధరకు కొని, శుభ్రం చేసి, ఫొటోలు తీసి, ఇంటర్నెట్ ద్వారా లాభానికి అమ్మడమే ఈ వ్యాపారం. ఇంట్లో అక్కర్లేని వస్తువును అమ్ముకోవడం వేరు, అమ్మడం కోసమే కొనడం వేరు. ఈ వ్యాసం ప్రధానంగా రెండోదాని గురించి. అమెరికాలో ఈ పని చేసేవాళ్లను రీసెల్లర్లు, ఫ్లిప్పర్లు అంటారు. పిల్లలు బడికి వెళ్లాక దొరికే నాలుగు గంటల్లో చేసుకునే తల్లులు, ఫీజుల కోసం చేసే విద్యార్థులు, రిటైరైనవాళ్లు, కారు షెడ్డునే గోదాముగా మార్చుకుని ఇదే జీవనాధారంగా బతికేవాళ్లు వీరిలో ఉన్నారు. చేతిలో వంద డాలర్లు, ఒక ఫోను ఉంటే మొదలుపెట్టొచ్చు కాబట్టి చాలామంది దిగుతారు. నిలబడేవాళ్లు మాత్రం తక్కువ.

ఎందుకు తక్కువో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక అమ్మకందారు ధార్మిక సంస్థ నడిపే పాత బట్టల దుకాణంలో 7 డాలర్లకు ఒక స్వెట్టర్ కొని, పాష్‌మార్క్ అనే యాప్‌లో 35 డాలర్లకు అమ్మారనుకుందాం. 15 డాలర్లు దాటిన అమ్మకాలపై ఆ సంస్థ 20 శాతం తీసుకుంటుంది. అంటే 7 డాలర్లు దానికి పోతాయి. కొన్న ఖర్చు మరో 7. తపాలా ఖర్చు కొన్నవాళ్లే భరిస్తారు. మిగిలేది 21 డాలర్లు. ఆ స్వెట్టర్ దొరకడానికి ముందు తిరగేసిన వందల హ్యాంగర్లు, పెట్రోలు, ఉతుకు, ఉండలు కట్టిన నూలు తీసెయ్యడం, ఫొటోలు, కొలతలు, ‘ఇంకాస్త తగ్గిస్తారా’ అనే ప్రశ్నలకు జవాబులు, ప్యాకింగ్, పోస్టాఫీసు ప్రయాణం, ఇవన్నీ ఆ 21 డాలర్లలోనే ఇమడాలి. వారం తిరక్కుండా అమ్ముడైతే మంచి కూలి. ఏడాదిపాటు డబ్బాలో పడుంటే అది నష్టమే. 15 డాలర్ల లోపు వస్తువుపై అదే సంస్థ కోత 2 డాలర్ల 95 సెంట్లు. 8 డాలర్ల చొక్కా అమ్మితే మూడోవంతుకు పైగా అక్కడే పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు చవక వస్తువుల జోలికి పోకపోవడానికి కారణం ఇదే.

లాభం వస్తువులో ఉండదు. ఆ వస్తువు ఏమిటో, ఎప్పటిదో, ఎవరికి కావాలో తెలిసిన తెలివిలోనూ, ఆ తెలివికి తోడైన ఒంటి శ్రమలోనూ ఉంటుంది. ఈ రంగం చరిత్రంతా అపరిచితుల మధ్య ఆ తెలివికి నమ్మకం ఎలా కుదిరిందన్న కథే.

ఇంటర్నెట్‌కు ముందు, తర్వాత

పాత సరుకు వ్యాపారం ప్రతి దేశంలోనూ పాతదే. అమెరికాలో దానికి సంస్థాగత రూపమిచ్చినవాళ్లలో ఎడ్గార్ హెల్మ్స్ ముఖ్యుడు. బోస్టన్‌లో మెథడిస్టు మత బోధకుడైన ఆయన 1902లో సంపన్నుల ఇళ్ల నుంచి పాత బట్టలు, సామాన్లు సేకరించి, పేదలకు వాటిని బాగుచేసే పని నేర్పించి, అమ్మిన డబ్బు వాళ్లకే కూలిగా ఇచ్చాడు. అదే గుడ్‌విల్ ఇండస్ట్రీస్ అయింది. ఇవాళ్టి రీసెల్లర్లు ఎక్కువగా సరుకు ఏరుకునేది ఆ సంస్థ దుకాణాల్లోనే. అక్కడ అమ్ముడుపోనివి చివరకు పెద్ద పెద్ద తొట్లలో పోసి తూకానికి అమ్మే కేంద్రాలకు చేరతాయి. చేతులకు తొడుగులు వేసుకుని, కొత్త తొట్టి వచ్చేదాకా వరసలో నిలబడి వెతికే జనం అక్కడ రోజూ కనిపిస్తారు.

1995 సెప్టెంబరులో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఆక్షన్‌వెబ్ అనే వేలం సైటు తెరిచాడు. అక్కడ అమ్ముడైన మొదటి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్. ధర 14 డాలర్ల 83 సెంట్లు. అది పనిచెయ్యదని తెలుసా అని ఒమిడ్యార్ కొన్నవ్యక్తిని అడిగితే, తాను పాడైన లేజర్ పాయింటర్లే సేకరిస్తానని జవాబొచ్చింది. ఊరి సంతలో ఆ పాయింటర్‌కు గిరాకీ సున్నా. దేశమంతా ఒకే సంత అయినప్పుడు దానికీ ఒక కొనుగోలుదారు దొరికాడు. మారుబేరానికి ఇంటర్నెట్ ఇచ్చిన అసలు బలం ఇదే. ఆ సైటు 1997లో ఈబే అనే పేరు పెట్టుకుంది, 1998లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. తొలినాళ్లలో దాన్ని పైకి లేపిన సరుకుల్లో బీనీ బేబీస్ అనే గుడ్డబొమ్మలు ఒకటి.

నమ్మకం సంగతి అంత తేలిగ్గా తేలలేదు. అమ్మేవాడికి లోపం తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు మంచి సరుకు కూడా సంత నుంచి తప్పుకుంటుందని జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపించాడు. ఆ పరిశోధనకు 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పాత చొక్కాకూ ఆ మాట వర్తిస్తుంది. ఫొటోలో చెమట వాసన రాదు, చంక కింద చిన్న చిరుగు కనిపించదు. ఒమిడ్యార్ 1996లో కొన్నవారూ అమ్మినవారూ ఒకరి గురించి ఒకరు బహిరంగంగా అభిప్రాయం రాసే పద్ధతి పెట్టాడు. ఎంతకాలంగా మాట నిలబెట్టుకున్నారో అందరికీ కనిపించే ఖాతా అది. మంచి పేరున్న అమ్మకందారుకు అదే వస్తువుపై కొంత ఎక్కువ ధర వచ్చేది. అయితే అమ్మకందారులు ఎదురు దెబ్బ తీస్తారన్న భయంతో కొనుగోలుదారులు నిజం రాయడం మానేస్తున్నారని, 2008లో ఈబే అమ్మకందారులు కొనుగోలుదారులపై వ్యతిరేక అభిప్రాయం రాయడాన్ని నిలిపేసింది. పాత అమ్మకందారుల్లో దానిపై అసంతృప్తి నేటికీ ఉంది.

చట్టం కూడా ఈ వ్యాపారానికి దారి విడిచింది. ఒకసారి అమ్మిన వస్తువుపై తయారీదారుకు మళ్లీ అమ్మకాన్ని అడ్డుకునే హక్కు ఉండదన్న సూత్రాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1908లోనే ఒక పుస్తకం కేసులో స్థిరపరిచింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివిన థాయ్ విద్యార్థి సుపాప్ కిర్త్‌సాంగ్, స్వదేశంలో చవగ్గా దొరికే పాఠ్యపుస్తకాలను బంధువులతో తెప్పించి ఈబేలో అమ్మాడు. ప్రచురణ సంస్థ జాన్ వైలీ దావా వేస్తే, 2013లో సుప్రీంకోర్టు అతడి పక్షానే తీర్పిచ్చింది. విదేశంలో చట్టబద్ధంగా తయారై అమ్ముడైన ప్రతికీ ఆ సూత్రం వర్తిస్తుందని చెప్పింది. తీర్పు వేరేలా వచ్చుంటే, కాపీరైట్ ఉన్న బొమ్మో డిజైనో అచ్చయిన విదేశీ సరుకు తిరిగి అమ్మేవాళ్లందరికీ చిక్కు వచ్చేది.

బట్టలకు ప్రత్యేక అంగళ్లు

స్మార్ట్‌ఫోన్ వచ్చాక బట్టలు వేరే దారి పట్టాయి. కెమెరా, అంగడి, గల్లాపెట్టె మూడూ ఒకే పరికరంలోకి వచ్చేశాయి. కాన్పూర్ ఐఐటీలో చదివిన మనీష్ చంద్ర 2011లో కాలిఫోర్నియాలో మరికొందరితో కలిసి పాష్‌మార్క్ స్థాపించాడు. అక్కడ అమ్మకందారు ఒకరి అంగడిలోని సరుకును మరొకరు తమ అనుచరులకు చూపించాలి. అలా చూపిస్తూనే ఉండాలి కాబట్టి రోజూ గంటసేపు దానికే పోతుందని చాలామంది వాపోతారు. 2021 జనవరిలో స్టాక్ మార్కెట్‌కు వెళ్లిన ఆ సంస్థను దక్షిణ కొరియాకు చెందిన నేవర్ సుమారు 120 కోట్ల డాలర్లకు కొని, 2023 జనవరిలో స్వాధీనం చేసుకుంది.

లిథువేనియా రాజధాని విల్నియస్‌లో మిల్డా మిట్కూటే ఇల్లు మారుతూ, తన దగ్గర బట్టలు మరీ ఎక్కువున్నాయని గుర్తించింది. 2008లో ఆమె, జస్టాస్ యనౌస్కాస్ కలిసి పెట్టిన సైటే వింటెడ్. అమ్మినవాళ్ల నుంచి రుసుము తీసుకోకుండా కొన్నవాళ్ల నుంచి రక్షణ రుసుము తీసుకునే పద్ధతితో అది యూరప్ అంతా విస్తరించి, 2019లో వంద కోట్ల డాలర్ల విలువ దాటిన తొలి లిథువేనియా అంకుర సంస్థ అయింది. దాని పోటీ తట్టుకోవడానికే కాబోలు, ఈబే కూడా 2023లో జర్మనీలో, 2024లో బ్రిటన్‌లో సొంత సరుకు అమ్ముకునే వ్యక్తులకు అమ్మకపు రుసుము ఎత్తేసింది. జపాన్‌లో 2013లో మొదలైన మెర్కారి మరో చిక్కు విప్పింది. అక్కడ జనం తమ చిరునామా అపరిచితులకు ఇవ్వడానికి ఇష్టపడరు. కోడ్ స్కాన్ చేసి వీధి చివరి దుకాణంలో పొట్లం ఇస్తే చాలు, ఇద్దరి పేర్లూ ఒకరికొకరికి తెలియకుండా అది చేరిపోతుంది.

త్రెడ్అప్, ది రియల్‌రియల్ అనే సంస్థల పద్ధతి వేరు. సంచి నిండా బట్టలు పంపితే సంస్థే తనిఖీ చేసి, ఫొటో తీసి, ధర కట్టి, అమ్మాక వాటా ఇస్తుంది. శ్రమ తగ్గుతుంది, చేతికొచ్చేదీ తగ్గుతుంది. లాభం కోసం చేసేవాళ్లకు అవి పెద్దగా పనికిరావు.

ఈ రంగం ఎంత పైకి తీసుకెళ్లగలదో, ఎంత త్వరగా కిందికి దించగలదో చెప్పే ఉదాహరణ సోఫియా అమోరుసో. ఆమె 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈబేలో నాస్టీ గాల్ వింటేజ్ అనే అంగడి తెరిచింది. సాల్వేషన్ ఆర్మీ దుకాణంలో 8 డాలర్లకు దొరికిన షనెల్ జాకెట్టును వెయ్యి డాలర్లకు అమ్మిన సంగతి ఆమె కథలో అందరికీ గుర్తుండే ఘట్టం. పాత బట్టను ఇవాళ్టి అమ్మాయి వేసుకునేలా మోడల్ మీద అలంకరించి ఫొటో తియ్యడం ఆమె అసలు నేర్పు. 2008లో సొంత సైటుకు మారింది, తర్వాత కొత్త బట్టల వైపు మళ్లింది, పెట్టుబడిదారుల డబ్బుతో వేగంగా పెరిగింది. 2016 నవంబరులో ఆ సంస్థ దివాలా దాఖలు చేసింది. 2017లో బ్రిటన్‌కు చెందిన బూహూ ఆ పేరును 2 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. పాత బట్టల మారుబేరంలో ప్రతి ముక్కా ఒక్కటే ఉంటుంది, రెండోది ఉండదు. ఒకే ఫొటో, ఒకే వర్ణనతో వెయ్యి ముక్కలు అమ్మే కొత్త బట్టల వ్యాపారానికీ దీనికీ పొంతన కుదరదు. పెద్ద పెట్టుబడితో ఈ రంగంలోకి దిగిన చాలా సంస్థలు లాభం కోసం ఏళ్లతరబడి కష్టపడటానికి కారణం అదే.

చేతికి, కంటికి తెలిసే విద్య

నిపుణులైన అమ్మకందారులు దుకాణంలో బట్టలు చూడరు, తడుముతారు. హ్యాంగర్ల వరస మీద అరచెయ్యి జారుస్తూ వెళ్తే పట్టు, ఉన్ని, కష్మీరు, నార వేళ్లకు తెలిసిపోతాయి. పాలిస్టర్ దగ్గర చెయ్యి ఆగదు. తర్వాత మెడ దగ్గరి లేబుల్, ఆపైన లోపలి కుట్టు.

లేబుల్ ఒక చరిత్ర పుస్తకం. అమెరికాలో ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ తప్పనిసరి చేసిన నిబంధన 1972లో అమల్లోకి వచ్చింది. ఆ సూచనలు మొదటి నుంచీ లేని బట్ట అంతకుముందుది కావచ్చు. ఆర్ఎన్ అనే అక్షరాల పక్కనుండే అంకెను ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాబితాలో వెతికితే తయారీ లేదా దిగుమతి సంస్థ పేరు తెలుస్తుంది. లీవైస్ జీన్స్ వెనక జేబు అంచున ఉండే చిన్న ఎర్ర గుడ్డముక్క మీద 1971 దాకా కంపెనీ పేరంతా పెద్ద అక్షరాల్లోనే ఉండేది, తర్వాత అందులోని ‘ఈ’ అక్షరం చిన్నదయింది. సేకర్తలు పాతదాన్ని ‘బిగ్ ఈ’ అంటారు. ఆ ఒక్క అక్షరం తేడాతో ధర ఎన్నో రెట్లు మారుతుంది. చేతి అంచున, కింది అంచున ఒకే వరస కుట్టు ఉన్న టీషర్టు చాలావరకు 1990ల నడిమి దాకా తయారైనదని అమ్మకందారులు లెక్కకడతారు.

ధర కట్టడానికీ ఒక క్రమం ఉంది. ఎంతకు పెట్టారో చూడకూడదు, ఎంతకు అమ్ముడైందో చూడాలి. ఈబేలో అమ్ముడైన వాటిని మాత్రమే చూపే వడపోత ఉంది. అటువంటి వస్తువులు ఎన్ని అంగట్లో ఉన్నాయి, వాటిలో ఎన్ని మూడు నెలల్లో అమ్ముడయ్యాయి అన్న నిష్పత్తి చూసి కొనాలో వద్దో తేల్చుకుంటారు. దుకాణంలోనే ఫోను తీసి ఈ లెక్క చేసేవాళ్లు పెరిగారు. ఇప్పుడు ఫొటో తీస్తే పోలిన వస్తువులను చూపే గూగుల్ లెన్స్ వంటివి అనుభవం లేనివాళ్లకూ ఆ పని చేసిపెడుతున్నాయి. దాంతో పాత నిపుణుల ఆధిక్యం కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు, ఎందుకంటే బట్ట నాణ్యత ఫొటోకు అందదు.

కొన్నాక మొదలయ్యే పనే అసలు పరీక్ష. మరక పోవడానికి ఆక్సిజన్ బ్లీచులో రాత్రంతా నానబెట్టడం, ఉన్నిబట్టను పురుగు భయంతో ముందు ఫ్రీజరులో పెట్టడం, బొత్తాము మార్చడం. తర్వాత చదునుగా పరిచి, ఒక చంక నుంచి మరో చంకకు, భుజం నుంచి అంచుకు, నడుముకు, కాలి లోపలి కుట్టుకు కొలతలు. సైజు అంకె ఒక్కో కంపెనీకి ఒక్కో రకం కాబట్టి కొలతలు రాయనివాళ్ల సరుకు ఎక్కువగా తిరిగొస్తుంది. లోపాన్ని దాచకుండా దగ్గరగా ఫొటో తియ్యడం నీతి మాత్రమే అనుకుంటే పొరపాటు. తిరిగొచ్చిన పొట్లానికి రెండుసార్లు తపాలా ఖర్చు పెట్టుకున్నవాళ్లకు అది వ్యాపార సూత్రమని తెలుసు.

కొని, ఇంకా అమ్మకానికి పెట్టని సరుకు గుట్టను ఈ వృత్తిలోవాళ్లు ‘డెత్ పైల్’ అంటారు. కొనడంలో ఉన్న వేట సరదా కొలతలు రాయడంలో ఉండదు. గది, తర్వాత హాలు, తర్వాత భోజనాల బల్ల ఆ గుట్ట కిందికి వెళ్లిపోయిన ఇళ్లు చాలానే ఉన్నాయి. ఇంట్లోవాళ్లతో గొడవలు మొదలయ్యేదీ ఇక్కడే.

ఇంటి సామాన్లు

పాత్రలు, గృహోపకరణాల్లో విద్య వేరు. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని అడుగున ముద్ర ఉన్న పింగాణీ 1952కు ముందుది. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే జర్మనీ ఏకీకరణకు, అంటే 1990కి ముందుది. కార్నింగ్ కంపెనీ పైరెక్స్ గాజును 1915లో వంటింటికి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రంగురంగుల గిన్నెల వరసలు మొదలుపెట్టింది. అమ్మమ్మల వంటింట్లోని ఆ రంగులే కొనేవాళ్లను లాగుతాయి. పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణంలో తయారైన గ్రిస్‌వోల్డ్ ఇనుప పెనాలు తుప్పు పట్టి పది డాలర్లకు దొరికితే, తుప్పు వదిలించి, నూనె పట్టించి, కాల్చి నలుపెక్కించి పదిరెట్లకు అమ్మేవాళ్లున్నారు. ఆ పని ఓపికది. తుప్పు కింద పగులున్న పెనం ఎందుకూ పనికిరాదు, అందుకే కొనేముందు వేలితో కొట్టి మోగిందా లేదా చూస్తారు.

గాజు, పింగాణీ దగ్గర లాభం పోగొట్టేది తపాలా. పగలకుండా పెట్టెలో పెట్టె పెట్టి పంపాలి. పెట్టె పెద్దదైతే బరువుతో పని లేకుండా పరిమాణాన్ని బట్టి రుసుము పడుతుంది. తేలికైన ల్యాంప్ షేడ్ కూడా అలా బరువైన వస్తువైపోతుంది. సోఫాలు, మంచాలు, డైనింగ్ టేబుళ్లు ఊరు దాటించలేరు కాబట్టి అవి స్థానిక ప్రకటనల సైటు క్రెయిగ్స్‌లిస్ట్‌కూ, 2016లో మొదలైన ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌కూ చేరాయి. అక్కడ వ్యాపారం ట్రక్కు ఉన్నవాడిది. నెలాఖరున అద్దె ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర ఉచితంగా తెచ్చుకుని, గీతలు సరిచేసి, రంగు వేసి అమ్ముతారు.

కొన్ని వస్తువులు ఎంత బాగున్నా అమ్మకూడదు. 2008 నాటి అమెరికా చట్టం ప్రకారం భద్రతా కారణాలతో వెనక్కి పిలిపించిన ఉత్పత్తిని పాతదిగా అమ్మడం కూడా నేరం. పక్క కిందికి జారే పసిపిల్లల ఊయల మంచాలు 2011 జూన్ నుంచి కొత్తవీ, పాతవీ అమ్మకానికి నిషిద్ధం. ఆ మంచాల్లో ఇరుక్కుని పసిపిల్లలు చనిపోయారు. ప్రతి పిల్లల వస్తువుకూ వెనక్కి పిలిచిన జాబితా చూసుకోవడం ఈ వృత్తిలో తప్పించుకోకూడని పని. అయినా చాలామంది చెయ్యరు. పాత పింగాణీ రంగుల్లో సీసం ఉండొచ్చు, కాబట్టి తినడానికి వాడే పాత్రగా కాక అలంకరణగా అమ్మడం మేలు.

అరుదుగా పెద్ద అదృష్టమూ తగులుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కుటుంబం 2007లో ఇంటి ముందటి సంతలో 3 డాలర్లకు కొన్న గిన్నె చైనా సాంగ్ వంశ కాలం నాటిదని తేలి, 2013లో సోథ్‌బీస్ వేలంలో 22 లక్షల డాలర్లకు పైగా పలికింది. కనెక్టికట్‌లో 35 డాలర్లకు దొరికిన మింగ్ కాలపు గిన్నె 2021లో 7,21,800 డాలర్లు తెచ్చింది. ఇవి నిజాలే. వీటిని చూసి ఈ వ్యాపారంలోకి దిగడం మాత్రం తగదు. ఈ వృత్తిలో ఇల్లు నడిపేది పది, ఇరవై డాలర్ల లాభాలు.

నకిలీలు, మోసాలు

లూయీ విటాన్ సంచి నకిలీదని ఫొటోలో తేల్చడం కష్టం. 2008లో పారిస్ కోర్టు నకిలీల కారణంగా ఈబే లూయీ విటాన్ మాతృసంస్థ ఎల్‌వీఎంహెచ్ గ్రూపుకు సుమారు 4 కోట్ల యూరోలు చెల్లించాలంది. అప్పీలులో ఆ మొత్తం బాగా తగ్గింది. అమెరికాలో టిఫనీ నగల సంస్థ వేసిన దావాలో 2010లో అప్పీలు కోర్టు, ఫలానా వస్తువు నకిలీదని నిర్దిష్టంగా తెలిసినప్పుడే సైటు బాధ్యురాలవుతుందని చెప్పింది. 2020 నుంచి ఈబే ఖరీదైన వాచీలు, స్నీకర్లను ముందు తన తనిఖీదారుల దగ్గరకు రప్పించి, నిజమైనవని తేల్చాకే కొన్నవాళ్లకు పంపుతోంది.

అమ్మకందారు కూడా మోసపోతాడు. మంచి వస్తువు కొని, తన దగ్గరున్న చిరిగినదాన్ని తిప్పి పంపేవాళ్లు ఉంటారు. పెళ్లికి వేసుకుని మర్నాడు ‘సరిపోలేదు’ అనేవాళ్లూ ఉంటారు. అందుకే కనిపించే చోట, తీస్తే తెలిసిపోయే గుర్తింపు తాడు కట్టి పంపుతారు.

భారత్‌లో, తెలుగు నేలపై

తెలుగు ఊళ్లలో పాత బట్టల వ్యాపారం ఎప్పటి నుంచో ఉంది. ‘పాత బట్టలకు స్టీలు సామాన్లు’ అని కేకేస్తూ గంపతో వచ్చే ఆడవాళ్లతో గిన్నె కోసం గంటసేపు బేరమాడని ఇల్లు ఉండదు. పాత పట్టుచీరలు కొంటామని మైకు పెట్టుకుని వీధుల్లో తిరిగే వాళ్లకు కావలసింది చీర కన్నా అందులోని జరీ. వెండి తీగతో నేసిన పాత జరీని కరిగిస్తే వెండి వస్తుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, పాతబస్తీ దగ్గరి జుమ్మేరాత్ బజార్ పాత సామాన్లకు పేరుపడ్డవి. అన్న చొక్కా తమ్ముడికి, అక్క లంగా చెల్లెలికి రావడం మామూలే. పరాయివాళ్లు కట్టి విడిచిన బట్ట కట్టుకోవడం మాత్రం మైల అన్న భావన బలంగా ఉండేది. ఆ జంకు ఫోనుకూ, బల్లకూ లేదు. అందుకే ఇక్కడ ఆన్‌లైన్ పాత సరుకు వ్యాపారం ముందు వాటితోనే పెరిగింది.

ఈబే 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని భారత్‌కు వచ్చింది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లి, మరుసటి ఏడాది మూతపడింది. ఓఎల్ఎక్స్, క్వికర్ సంస్థలు టీవీ ప్రకటనలతో మధ్యతరగతికి ‘ఇంట్లో ఉన్నది అమ్మెయ్యొచ్చు’ అన్న ఆలోచన నేర్పాయి. పాష్‌మార్క్ 2021లో భారత్‌లో అడుగుపెట్టి 2023లో తప్పుకుంది. బట్టల విషయంలో మార్పు వచ్చింది కోవిడ్ లాక్‌డౌన్లలో, ఇన్‌స్టాగ్రామ్ థ్రిఫ్ట్ అంగళ్ల ద్వారా. విదేశీ పాత బట్టల మూటల సంతలున్న ఈశాన్య రాష్ట్రాల యువత అందులో ముందుంది. ఫొటో పెట్టిన క్షణాల్లో మొదట సందేశం పంపినవారికి వస్తువు, యూపీఐలో డబ్బు, మర్నాడు కొరియరు. మనదేశంలోకి పాత బట్టల దిగుమతి నియంత్రితమన్న సంగతి ఈ అంగళ్లవాళ్లు గుర్తుంచుకోవాలి. చింపి పేలికలు చేసిన బట్ట పానిపట్‌లో నూలుగా మారడానికి రావచ్చు, తొడుక్కునే బట్టగా స్వేచ్ఛగా రాకూడదు.

తెలుగువాళ్లలో ఈ వ్యాపారం బాగా కుదిరే వస్తువు చీర. బట్టల మారుబేరంలో పెద్ద గుదిబండ సైజు. చీరకు సైజు లేదు. గద్వాల, పోచంపల్లి, ఉప్పాడ, వెంకటగిరి చీర ఎవరు కట్టినా సరిపోతుంది. పెళ్లికొకసారి కట్టి బీరువాలో పెట్టిన చీరలు ఇప్పుడు ఫేస్‌బుక్, వాట్సాప్ బృందాల్లో చేతులు మారుతున్నాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాల మధ్య ఇది ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఆ చీర దుకాణంలో దొరకదు, మడతలు విప్పి చూపే అత్తయ్యలూ దగ్గర ఉండరు. ఊరు మారే ఉద్యోగులు, చదువు ముగించే విద్యార్థులు పెట్టే ‘మూవింగ్ సేల్’లో పరుపులు, రైస్ కుక్కర్లు, బల్లలు ఆ బృందాల్లోనే తర్వాతి బ్యాచికి చేరతాయి. అక్కడ లాభం కన్నా ఒకరికొకరు ఆసరా కావడమే ఎక్కువ.

భారత్‌లో ఈ రంగానికి చీడ పట్టించింది క్యూఆర్ కోడ్ మోసం. బల్ల అమ్ముతానని ప్రకటన ఇవ్వగానే సైన్యంలో పనిచేస్తున్నానని ఒకరు ఫోన్ చేస్తారు, బేరం ఆడకుండా ఒప్పుకుంటారు, గుర్తింపు కార్డు ఫొటో పంపుతారు, తర్వాత ‘డబ్బు రావడానికి’ అని క్యూఆర్ కోడ్ పంపుతారు. స్కాన్ చేసి పిన్ కొట్టగానే డబ్బు రావడానికి బదులు ఖాతాలో ఉన్నది పోతుంది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఏళ్లుగా ఈ హెచ్చరిక చేస్తూనే ఉన్నారు. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే ‘కలెక్ట్’ అభ్యర్థనలను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

పన్ను

సొంత బట్టలు, బల్లలు కొన్నదానికన్నా తక్కువకు అమ్మితే లాభమే లేదు. పైగా భారత ఆదాయపు పన్ను చట్టం వాటిని మూలధన ఆస్తిగా చూడదు. అమ్మడానికే కొని అమ్మితే అది వ్యాపార ఆదాయం. జీఎస్టీ నమోదున్న పాత సరుకు వ్యాపారులు కొన్న, అమ్మిన ధరల మధ్య తేడా మీదే పన్ను కట్టే వెసులుబాటు నిబంధన 32(5)లో ఉంది. బ్రిటన్‌లో ఏడాదికి వెయ్యి పౌండ్ల దాకా ఇటువంటి వ్యాపార రాబడికి మినహాయింపు. 2024 నుంచి అక్కడి సైట్లు ఎక్కువ అమ్మినవాళ్ల వివరాలు పన్ను శాఖకు పంపుతున్నాయి. అమెరికాలో 600 డాలర్లు దాటితే నివేదించాలన్న 2021 చట్టం చిన్న అమ్మకందారులను నాలుగేళ్లు కంగారు పెట్టింది. ఆ అమలు వాయిదా పడుతూ వచ్చి, 2025లో పాత పరిమితే, అంటే 20 వేల డాలర్లు, 200 అమ్మకాలు, తిరిగొచ్చింది.

వివాదాలు

పేదలు కొనుక్కునే దుకాణాల్లో మంచి సరుకు రీసెల్లర్లు తీసుకుపోతున్నారని, దాంతో ధరలు పెరుగుతున్నాయని విమర్శ ఉంది. పెద్ద సైజులు, పిల్లల చలికోట్లు, మంచి బూట్లు విషయంలో ఆ విమర్శలో నిజముంది. అయితే ఆ దుకాణాలకు వచ్చే సరుకులో చాలాభాగం అమ్ముడు కాకుండా మూటలు కట్టి విదేశాలకు పోతుంది. విలువైనవాటిని 1999 నుంచే గుడ్‌విల్ తన సొంత వేలం సైటులో అమ్ముతోంది. తప్పంతా ఒక సంచి మోసుకెళ్లే మనిషిదే అనడం న్యాయం కాదు.

పర్యావరణానికి మేలన్న మాటకూ హద్దుంది. 2018లో అమెరికాలో 1.7 కోట్ల టన్నుల జౌళి వ్యర్థం తయారైతే అందులో 1.13 కోట్ల టన్నులు చెత్తగుంతలకు చేరాయని ఆ దేశ పర్యావరణ సంస్థ లెక్క. ఘనా రాజధాని అక్రాలోని కాంటమాంటో సంతకు వారానికి కోటిన్నర పాత బట్టలు వస్తాయని అక్కడ పనిచేసే ఓర్ ఫౌండేషన్ అంచనా. వాటిలో చాలా చెత్తే. 2025 జనవరి మొదట్లో ఆ సంత చాలాభాగం కాలిపోయి వేలమంది చిల్లర వర్తకులు వీధిన పడ్డారు. ఈ కొండ ముందు ఆన్‌లైన్ మారుబేరం కాపాడేది చిన్న భాగం. అది కూడా మంచి బట్టనే కాపాడుతుంది, ఐదు డాలర్ల ఫాస్ట్ ఫ్యాషన్ చొక్కాను కాదు, ఎందుకంటే దాన్ని కొలిచి, ఫొటో తీసి, పంపే ఖర్చు దాని ధరను మించిపోతుంది. తిరిగి అమ్ముకోవచ్చన్న ధీమాతో జనం కొత్తవి ఇంకా ఎక్కువ కొంటారన్న వాదనా తోసిపుచ్చదగ్గది కాదు.

కొత్త సరుకు కంపెనీలే ఇప్పుడు ఈ రంగంలోకి వస్తున్నాయి. లీవైస్ 2020లో అమెరికాలో తన పాత జీన్స్ తానే కొని అమ్మే సైటు తెరిచింది. జారా 2022లో బ్రిటన్‌లో మొదలుపెట్టింది. ఐకియా 2024లో మాడ్రిడ్, ఓస్లో నగరాల్లో తన పాత ఫర్నిచరును వినియోగదారులే ఒకరికొకరు అమ్ముకునే సైటును ప్రయోగించింది. అక్కడ అమ్మినవాళ్లు నగదు తీసుకోవచ్చు, లేదా 15 శాతం అదనంతో ఐకియా కొనుగోలు కూపను తీసుకోవచ్చు. ఆ అదనపు 15 శాతం పాత బల్ల అమ్మినవారిని మళ్లీ కొత్త బల్ల దగ్గరికే తెస్తుంది.